కత్తెర పడని కొమ్మ

ఒక పెరట్లో, వెడల్పాటి కుండీలో, మరుగుజ్జు చెట్టుగా పెంచుతున్న, చిటికెనవేలంత లావున్న చింతమొక్క ఉండేది. తోటమాలి వారానికోసారి కత్తెర పట్టుకొచ్చి పైకొమ్మల చివర్లన్నీ కత్తిరించేవాడు. అన్నిటికన్నా కిందనున్న కొమ్మ జోలికి మాత్రం పోయేవాడు కాదు. అది ఇష్టారాజ్యంగా బారెడు సాగింది.

"నేనంటే ఆయనకి ప్రాణం. మీకేమో వారంవారం క్షవరం!" అని పైకొమ్మల్ని వెక్కిరించేది.

ఆ పెరట్లోనే తిరిగే తొండ ఒకటి వెంటనే తలూపేది. తలూపడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. పెద్దవాళ్ల పంచన చేరితే ఎండకీ వానకీ బెంగ లేదనుకుని, ఆ కొమ్మ మీదే కాపురం పెట్టింది.

కుండీ అంచున పాకుతున్న నత్త ఉండబట్టలేక, "తొండ బావా! కొమ్మ సాగినకొద్దీ చెట్టు మొదలు లావెక్కుతోంది. ఆయన కన్నెప్పుడూ ఆ మొదలు మీదే. నాకెందుకో అనుమానంగా ఉంది," అంది.

"కుళ్లు నీకు! ఇంత ఎత్తు ఎక్కలేవుగా," అంది తొండ.

మూడో ఏటికి మొదలు మణికట్టంత అయింది. తోటమాలి దాన్ని పిడికిట పట్టి చూసి మురిసిపోయాడు. "కావలసినంత లావెక్కింది. ఇక ఈ కొమ్మతో పనిలేదు," అంటూ కొమ్మని రంపంతో పూర్తిగా కోసేశాడు. కొమ్మ, తొండ కలిసి చెత్తబుట్టలో పడ్డాయి.

తొండ ఒళ్లు దులుపుకుని బయటికొచ్చేసరికి, తోటమాలి పక్క కుండీలోని జువ్విమొక్కని కత్తిరిస్తున్నాడు. కింది కొమ్మని మాత్రం వదిలేశాడు.

"చూశావా, నేనంటే ఆయనకి ప్రాణం!" అంది ఆ కొమ్మ.

ఒంటికంటిన చెత్త ఇంకా రాలకముందే, తొండ గబగబా దానిమీదికెక్కి తలూపింది.