రెండో పేరు

“ఈ విషయం మీద ఇంతవరకూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదమ్మా. నువ్వే మొదటిదానివి, ధైర్యంగా పత్రికకు పంపించు,” అన్నారు గైడు సారు.

ఆయన విద్యార్థిని మాత్రం తన వ్యాసాన్ని పక్కన పెట్టుకుని, కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో ఇంకా వెతుకుతూనే ఉంది. ‘పూర్తి వ్యాసం దొరికేవి మాత్రమే’ అన్న చోట టిక్కు తీసేసింది.

“ఒకటుంది సార్. సారాంశమే కనబడుతోంది.”

సారు వంగి చదివారు. నాలుగు వాక్యాలకే మూతి విరిచారు. “తలా తోకా లేదు. పేపర్లో వచ్చిన వార్తలన్నీ పోగేసి పరిశోధన అంటే సరిపోయిందా? అచ్చుకిచ్చే ముందు ఒక్కసారి చదువుకోవద్దూ? సిగ్గుండాలి!”

“ఎవరు రాశారో చూద్దాం సార్,” అంటూ ఆమె పేజీ మొదటికి వెళ్ళింది.

మొదటి పేరు, సారు దగ్గరే పరిశోధన చేసి వెళ్ళిన శిష్యుడిది. రెండో పేరు సారుదే.

సారుకు తల కొట్టేసినట్టయింది.

ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా మెల్లగా అంది. “మీ పేరే ఇంకొకరికి కూడా ఉందేమో సార్.”

“ఆ... ఉండే ఉంటుందిలే.”

“నేనూ అదే అనుకున్నాను సార్.”

ఆమె తన వ్యాసాన్ని తీసి సంచిలో పెట్టుకుంది. దాని మీదా రెండో పేరు సారుదే. పొద్దున పేజీ కూడా తిప్పకుండా సంతకం పెట్టిచ్చారు.

‘ఒకసారి ఇలా ఇవ్వమ్మా, చదువుతాను’ అన్న మాట సారుకు నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాటంటే, ఇందాకటి పేరు తనదేనని ఒప్పుకున్నట్టే.