సూర్యుడిలో నల్లగడి

“సూర్యుణ్ణి ఇరవై ముక్కలుగా ఫొటో తీస్తే పందొమ్మిదే అతికాయి. ఒకదానికి మబ్బు అడ్డొచ్చింది,” అన్నాడు షిగెహిరో. డాబా మీది ల్యాప్‌టాప్‌లో సూర్యుడి కుడి సగంలో ఒక నల్లటి గడి మిగిలింది.

“ప్రదర్శనకి ఇవాళే గడువు. పక్క ముక్కనే అక్కడా అంటించెయ్,” అన్నాడు ఖగోళ క్లబ్బు అధ్యక్షుడు మిజొబుచి. “సూర్యుడి దగ్గరికెళ్ళి ఎవడు చూసొస్తాడు?”

ఎండేసిన పరుపుల్ని కర్రతో దులుపుతున్న షిగెహిరో భార్య తొకికో నవ్వింది. మొగుడి టెలిస్కోపుని పదకొండేళ్ళుగా ‘మా సవతి’ అనే పిలుస్తుందావిడ.

“అంటించండి అధ్యక్షులవారూ. మరి ఆ రెండు మచ్చల్నీ ఏ జేబులో దాచుకుంటారు?”

“ఏ మచ్చలు వదినగారూ?”

“మొన్న సూర్యుడి నడిమధ్యన ఉన్నాయి. నిన్న కాస్త కుడికి జరిగాయి. ఇవాళ ఆ నల్లగడిలోకి వచ్చుండాలి. క్లబ్బులో ఇవన్నీ చెప్పరేమో పాపం!”

మిజొబుచికి ఇంట్లో అర్జంటు పని గుర్తొచ్చింది.

షిగెహిరో నిన్నటి ఫొటో తెరిచాడు. మచ్చలు ఆవిడ చెప్పిన చోటే ఉన్నాయి.

“నువ్వెప్పుడు చూశావ్?”

“రోజూ చూస్తా. మీ గది తుడిచేది మీ అధ్యక్షులవారా?”

షిగెహిరో ఫొటోని నల్లగడితోనే పంపేశాడు. మర్నాడు పొద్దున్నే టెలిస్కోపు ముందున్న తన స్టూలు మీంచి లేచి, దాన్ని ఆవిడ వైపు జరిపాడు.

“అబ్బో, ఇన్నాళ్ళకి పిలుపొచ్చిందే!” అంటూనే తొకికో గబగబా వచ్చి కూర్చుంది.