పొడి చెప్పిన సాక్ష్యం

"మీరు అతని చెల్లెలని తెలుసు. అందుకే ఈ పొడి సీసా నా చేత్తోనే తెచ్చాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరు అబద్ధం ఆడొచ్చు. గ్రాఫుకి అన్నదమ్ములుండరు కదా!"

ల్యాబులో పొడిని పరీక్షించే ఎక్స్‌రే యంత్రం నడపడం ఆమె ఒక్కతికే వచ్చు. హత్యకు గురైంది ఆమె భర్త. లాకప్పులో ఉన్నది ఆమె అన్న. కంట తడి పెట్టలేదని జనం ఆమెనూ ఆడిపోసుకుంటున్నారు.

అన్న పక్క గదిలో గ్రాఫైట్ నూరే మర నడుపుతాడు. ఉక్కు గుళ్ల మధ్య పొడి నలుగుతుంది. అరగంటకోసారి ఆపి, చల్లార్చి, మళ్లీ చేత్తో మీట వెయ్యాలి. సెలవులైనా మూడు రోజులూ మర వదల్లేదని అతని వాదన. నాలుగో రోజు పొద్దున్నే పోలీసులు ఆ మర గిన్నెకు సీలు వేశారు. శవం దొరికింది రాత్రంతా ప్రయాణం చేస్తే చేరే ఊళ్లో.

"మీరేమో ఆ మూడు రోజులూ ఇంట్లో జ్వరంతో తలుపే తియ్యలేదట. సరే, అతను వెళ్లొచ్చుంటే ఇందులో ఎలా తెలుస్తుంది?"

"గ్రాఫైట్ అంటే రేకు మీద రేకు పేర్చిన కట్ట సార్. నూరేకొద్దీ ఆ పేర్పు చెదిరిపోతుంది. నూరకపోతే గ్రాఫులో ఇక్కడ నిటారుగా శిఖరం లేస్తుంది. ఒక్కరోజు మర ఆగినా అది కనిపిస్తుంది. మూడు రోజులూ నూరితే చదునే."

ఆయన గోడ మీంచి, మూడు రోజులు నూరిన పొడికి ఇదివరకు తీసిన గ్రాఫు తీయించి పక్కన పెట్టుకున్నాడు. ఎవరినీ ఊరికే నమ్మే రకం కాదు.

యంత్రం మొదలైంది. ఆమె ఎడమ చేత్తో గ్రాఫు కాగితం సర్దింది. ఏడాది కిందట విరిగి, వంకరగా అతుక్కున్న చెయ్యి.

"అదేమైంది?"

"మెట్ల మీంచి పడ్డాను."

"మీ అన్న అలా చెప్పలేదు. అతని మీద అనుమానం అందుకే."

గీత శిఖరం లేవాల్సిన చోటికి పాకుతోంది. అక్కడ లేచిందా, అన్న మెడకు ఉరే. 

గీత కాస్త ఉబ్బి, మళ్లీ పడుకుంది. పాత గ్రాఫుతో అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

ఇన్‌స్పెక్టర్ నాలుగుసార్లు పోల్చి చూసి నిట్టూర్చాడు. "మర ఆగలేదు. సాయంత్రం మీ అన్నని వదిలేస్తాం. మనుషులు ఆడతారు గానీ పొడి అబద్ధమాడదు."

"ఆడదు సార్," అందామె.

ఆ మూడు రోజులూ అరగంటకోసారి మర ఆపి, చల్లార్చి, మళ్లీ మీట వేసింది ఆమే.