మూడు వేళ్ళు

ఏప్రిల్ పదిహేడు, గురువారం. ఆ తేదీ సింహాచలమ్మ మరిచిపోదు. ఆ పొద్దున్న ఆమె తిన్నది అర గ్లాసు చోడి అంబలి. అంతకన్నా గట్టిది ఏదీ పట్టేటంత నోరు తెరుచుకోలేదు.

పలాసలో పళ్ళ డాక్టరు ప్రమోదిని గది బయట, బల్ల మీద కూర్చుంది. ఎడమ చెంప అరచేత్తో అదుముకుంది.

రెండు దవడపళ్ళు ఇదివరకే ఇంకోచోట పీకించుకుంది. నొప్పి పోలేదు. ఇవాళ మూడోది పీకించుకుందామని వచ్చింది.

బల్లకి ఆ చివర ఒక పెద్దమనిషి. దట్టమైన గెడ్డం, ఒళ్ళో బైబిలు.

"ఏ పన్నమ్మా?" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

ఆమె వేలితో చూపించింది.

"అది చెవి దగ్గర కదా. అక్కడ పన్ను మొలిచిందా?"

సింహాచలమ్మకి ఒళ్ళు మండింది. "నొప్పి నాది బాబూ. ఎక్కడెడతందో నాకు తెల్దా?"

"తెలుసు. అందుకే సరిగ్గా చూపించారు. రెండు వేళ్ళూ చెవుల ముందు ఆనించి నోరు తెరవండి."

తెరిచింది. ఒక్క వేలు పట్టేంత. అక్కడ ఏదో అడ్డుపడ్డట్టు ఆగిపోయి, కింది దవడ ఎడమకి లాగింది.

"జీడిపప్పు పనా?"

"మీకెలాగ తెల్సు?"

"మీ గోళ్ళు చెబుతున్నాయి. కత్తి పట్టుకుని పొట్టు గీసినట్టు చెయ్యండి ఒకసారి."

ఇదేం చోద్యమనుకుంటూనే ఉత్త చేతులతో గీసింది.

"ఆగండి. ఇప్పుడు మీ పళ్ళు ఎలా ఉన్నాయి?"

పై పళ్ళూ కింది పళ్ళూ గట్టిగా కరుచుకుని ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా, ఒక్కో పప్పుకీ అలాగే కరుచుకుంటోందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"పన్ను కాదేమో, దవడ కీలు. ముందది చూడమనండి," అన్నాడాయన.

లోపలికి వెళ్ళగానే ఆమె అంది. "పన్ను పీకీకండి డాక్టరమ్మా. ముందు కీలు సూడండి."

ప్రమోదిని చెవి ముందు నొక్కి చూసింది. పంటికి ఫొటో తీసింది.

"పన్ను శుభ్రంగా ఉందమ్మా. దవడ కీలులో మెత్తటి బిళ్ళ ఒకటుంటుంది. అది జారి అడ్డుపడింది. మీకెవరు చెప్పారు?"

"బైట గెడ్డం బాబు."

"ఎబినేజరు గారా," అంటూ డాక్టరు చీటీ రాయడం మొదలెట్టింది.

రాత్రిళ్ళు పళ్ళకి తొడుగు. వేడిగుడ్డతో కాపడం. రోజుకి ఆరుసార్లు నోరు మెల్లగా తెరిచే కసరత్తు, నిలువుగా మూడు వేళ్ళు పట్టేదాకా.

ప్రతి గురువారం ఎబినేజరు ఆ బల్ల మీదే ఉండేవాడు. పళ్ళు బిగించి మాట్లాడేవాడు. కోపిష్టి కాబోలు అనుకునేది సింహాచలమ్మ.

"ఎన్ని?"

"ఒకటిన్నర."

"పెదవులు కలపండి, పళ్ళు కలపకండి. పనిలో కూడా."

ఫేక్టరీలో పక్కన కూర్చునే ఎర్రమ్మ నవ్వింది. "ఏటొదినా, నోట్లో నీళ్ళు పోసుకున్నావా, పలకవు?"

సింహాచలమ్మ పళ్ళు ఎడంగా పెట్టుకుని పొట్టు గీస్తూనే ఉంది.

నెలకి రెండు వేళ్ళు పట్టాయి. అక్కడ ఆగిపోయింది. మూడోది దూర్చబోతే కళ్ళల్లో నీళ్ళు.

"నా వల్ల కాదు బాబూ. నొప్పెరగనోలు ఎన్నయినా సెప్తారు."

"అవునమ్మా. చెప్పడం సులువే. ఏదీ, ఇంకోసారి."

జూన్‌లో పెరట్లో తొలి పనసపండు కోసింది. అమ్మోరికి పెట్టి, మిగిలిన తొనలు ఆయనకి తెచ్చింది.

"ఇంటికి తీసుకెళ్తానమ్మా," అని ఆయన సంచిలో పెట్టుకున్నాడు.

చర్చికి పోయేవాళ్ళు ప్రసాదం తినరు కదా, తప్పు తనదే అనుకుంది. పై వారం అమ్మోరికి పెట్టకుండానే తెచ్చింది.

"ఇది పెసాదం కాదు బాబూ. ఒక్క తొన నా ముందు తినండి."

"ఇంటికి తీసుకెళ్తానమ్మా."

ఆమె మొహం చిన్నబోయింది. అమ్మోరిని కాదని ముందు ఈయనకి తెస్తే, తన చేతి తిండే పనికిరాలేదన్నమాట.

ఆ తర్వాత ఆయన పక్కన కూర్చోలేదు. "ఎన్ని?" అని అడిగితే గోడకేసి చూసింది. ఇంటి దగ్గర మాత్రం ఒక్క పూట కసరత్తు మానలేదు. మూడూ పట్టాక ఆయన ముందు నిలబడి చూపించాలి. అంతవరకూ మాట లేదు.

జులై చివరి గురువారం పొద్దున్న మూడు వేళ్ళూ పట్టాయి.

పని దిగి వచ్చేసరికి చీకటి పడింది. బల్ల ఖాళీగా ఉంది. డాక్టరు లైట్లు ఆర్పుతోంది.

"మూడు, డాక్టరమ్మా. మజ్జాన్నం నోరారా ముద్ద తిన్నాను. ఆ బాబేరీ? ఇయ్యాల ఆయన అడక్కుండానే సెప్తాను."

ప్రమోదిని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఆదివారం నిద్రలోనే పోయారమ్మా. సంతబొమ్మాళిలో, వాళ్ళింట్లో."

సింహాచలమ్మ బల్ల మీద కూలబడింది.

"నాకు మళ్ళీ తిండి తినడం నేర్పినాడు. నా సేతి తిండి ఒక్క తొన తిన్నేదు. ఎందుకో సెప్పనూ నేదు."

"మీ చేతిదే కాదు, ఎవరి చేతిదీ తినలేదమ్మా," అంటూ ప్రమోదిని తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. "చిన్నప్పుడు జీడిచెట్టు మీంచి పడి దవడ కీలు అతుక్కుపోతుంటే ఇంట్లో వాళ్ళు పంటినొప్పే అనుకున్నారు, యాభై ఏళ్ళుగా ఆ నోట్లో ఒక్క వేలు కూడా పట్టేది కాదు."