ఏడుపు క్లాసు

"కింద తాళం వేసేశారమ్మా. పైన మేడమ్ వాళ్ళున్నారు, వెళ్ళమన్నాడు వాచ్‌మన్," అంటూ ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"లోపలికి రండి, కూర్చోండి," అంది విద్యార్థిని.

అద్దానికి ఇవతలి గదిలోంచి వాళ్ళను గమనిస్తున్న మేడమ్ ఆవులించింది. కింది అంతస్తులో ఆడవాళ్ళ సహాయ కేంద్రం వాళ్ళు అప్పుడే షట్టరు దించేసుకుని హాయిగా ఇళ్ళకు పోయారు. తనకా యోగం లేదు. పుస్తకాలు బట్టీ పడితే సోషల్ వర్క్ రాదని, బాధితురాలిగా నటించే మనిషిని పిలిపించి పిల్లల చేత మాట్లాడించే పద్ధతి తెచ్చింది తనే మరి. పిల్లలు దానికి ఏడుపు క్లాసని పేరు పెట్టారు. కొత్తలో మేడమ్‌కూ కళ్ళు చెమర్చేవి. ఇప్పుడు ఎవరేడ్చినా తలనొప్పే.

రోజూ వచ్చే నటి మధ్యాహ్నం జ్వరమని వెళ్ళిపోతూ, చెల్లెల్ని పంపుతానంది. ఎట్టకేలకు వచ్చింది. ఇక మిగిలింది ఈ ఒక్క అమ్మాయే. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇవాళా తప్పితే కోర్సు వదిలి ఇంటికి పోవాల్సిందే.

"మా ఆయన కొడతాడమ్మా. నన్నంటే ఎలాగో పడతాను. నిన్న పాప మీద కూడా చెయ్యి చేసుకున్నాడు."

అత్తగారి పోరు అని చెప్పి పంపితే మొగుణ్ణి తెచ్చిపెట్టింది, ఖర్మ, అనుకుంది మేడమ్.

"పాప ఎక్కడుంది?"

"పక్కింట్లో దాచి వచ్చాను. ఆయన డ్యూటీ దిగేలోపు మమ్మల్ని ఎక్కడైనా ఉంచండి. ఈ ఒక్క రాత్రికి." ఆమె గుప్పిట్లో తెగిన చిన్న చెప్పుంది.

అబ్బో, అక్కను మించిపోయిందే!

అమ్మాయి అడగాల్సిన ప్రశ్నలన్నీ మరిచిపోయింది. లేచి వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది. "నా హాస్టల్ గదికి రండి. పాపను ఇప్పుడే తెచ్చేసుకుందాం," అంది.

మేడమ్ విసురుగా తలుపు తోసుకుని వచ్చింది. "ఏంటమ్మాయ్ ఇది? ఇదేనా నేను నేర్పింది?"

"మేడమ్, ఆవిడ నిజంగా ఏడుస్తోంది."

"అందుకేగా డబ్బులిచ్చేది!" మేడమ్ ఆమె వైపు తిరిగింది. "బాగా చేశావు. చాల్లే, ఇక ఇంటికి వెళ్ళు."

"ఇంటికా?"

"మరెక్కడికి? ఇక్కడ పనైపోయిందిగా."

ఆమె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. చెప్పును సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి మేడమ్," అంది అమ్మాయి.

"ఎన్నిసార్లు ఇవ్వమంటావు తల్లీ? నటనకీ నిజానికీ తేడా తెలియనిదానివి, రేపు బయటికెళ్ళి ఎవరిని ఉద్ధరిస్తావు?" అనేశాక మేడమ్‌కే మనసు చివుక్కుమంది. కానీ ఓదార్చే ఓపిక లేదు. తప్పిందని రాసి, కుర్చీలో కూలబడింది.

ఇంతలో ఒకావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"తిట్టకండి మేడమ్, బస్సు దొరక్క ఆలస్యమైంది. మా అక్కకు జ్వరం కదా," అంది.

"అక్క బదులు ఏడవాల్సింది నేనే."