ఎర్రబడని ప్లేటు

"ఇదేంటి పెద్దక్కా, ఈ ప్లేటు ఇంత పాలిపోయి ఉంది?" ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకున్నారు.

ల్యాబులో అందరికీ పెద్దక్క అయిన ఆ టెక్నీషియన్, కణాలు పెంచిన ఆ ప్లేటును వెలుతురుకెత్తి చూసింది. పొద్దుటి నుంచి నిలబడే ఉండటంతో కాళ్లు పీకుతున్నాయి. ఎముకమజ్జలోని మూలకణాలు ఎముకను కడితే, రంగు వేయగానే ప్లేటు ఎర్రబడుతుంది. వయసులో ఉన్నవాళ్ల కణాలు గోరింటాకులా పండుతాయి. వయసు మళ్లినవాళ్లవి ఎముక కట్టడం మానేసి కొవ్వు పోగేసుకుంటాయి. ఈ ప్లేటు మీదేమో 'యువ దాత' అని ఉంది. లోపల చూస్తే అంతా ముసలి వాలకం.

"లేబుళ్లు తారుమారయ్యుంటాయి సార్," అంది అప్పుడే కుంటుకుంటూ వచ్చిన పరిశోధక విద్యార్థిని. మెట్లన్నీ పరుగున ఎక్కేది కనుక ఆమెకు లేడిపిల్ల అని పేరు. "పెద్దక్కకి చూపు ఆనట్లేదు. మొన్న టీలో పంచదార బదులు ఉప్పేశారు!"

"నీ కాలు ఇంకా తగ్గలేదా?" అంది పెద్దక్క.

"బెణికిందంతే. నెలల తరబడి వేధిస్తోంది పాడుది. మాట మార్చకండి!"

ప్రొఫెసర్ నవ్వలేదు. పెద్దక్క ఉద్యోగం పొడిగింపు కాగితం ఆయన బల్ల మీదే సంతకం కోసం చూస్తోంది. భర్త మంచం పట్టాక ఆమె జీతమే ఇంటికి ఆధారం.

"లేబుల్ సరైనదే అయితే ఆ దాతెవరో ఇక్కడే చెప్పండి. మళ్లీ మజ్జ తీద్దాం. పేర్లు మీకొక్కరికే తెలుసు."

"బయటపెట్టనని వాళ్లకి మాటిచ్చాను సార్."

"అయితే పొరపాటు మీదేనని ఒప్పుకోండి."

పెద్దక్క ఉసూరుమంది. ఇన్నేళ్లలో ఒక్క లేబుల్ తప్పలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాదే పొరపాటు సార్. అది ఎవరో ముసలాయన ప్లేటు."

"ఇక ఇంట్లో విశ్రాంతి తీసుకోండి." ఆయన గదిలోకి వెళ్లిపోయారు. కాగితం చింపిన చప్పుడు వినిపించింది.

లేడిపిల్ల ముఖం చిన్నబోయింది. "సరదాకన్నాను పెద్దక్కా. ఇంతదాకా వస్తుందనుకోలేదు."

"పోనీలేవే. నాకూ ఓపిక అయిపోయింది." పెద్దక్క ప్లేటును పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచింది. "రేపు పొద్దున్నే నాతో ఎముకల డాక్టరు దగ్గరికి రా."

"అయ్యో, మీకేమైంది?"

"ముసలి ఎముకలు కదా, తోడు కావాలి," అంటూ చేతి తొడుగులు విప్పేసింది.

ఆ ప్లేటులోది లేడిపిల్ల మజ్జ.