రాధాబాయి దీవెన

ప్రమీల పుట్టింటి నుంచి తెచ్చుకున్న పుస్తకాల పెట్టె, ఆమె కాపురానికొచ్చిన వారం తిరక్కుండానే స్నానాల పొయ్యికి ఎక్కింది. ఎక్కించింది అత్త రాధాబాయి.

"ఆడిపిల్లకు గిన్ని బుక్కులెందుకే? నీళ్లన్న కాగుతయి," అంది, బడిలో బహుమతిగా వచ్చిన పుస్తకాన్ని కూడా పుల్లలతో పాటు లోపలికి తోస్తూ.

ఆ ఇంట్లో కోడలు అత్తకు ఎదురు చెప్పే ఆచారం లేదు. పొద్దున్నే వంగి కాళ్లు మొక్కే ఆచారం మాత్రం ఉంది. ప్రమీల ఆ నీళ్లతోనే తలంటుకుని, దీనికి బదులు తీర్చుకోకపోతే నా పేరు ప్రమీలే కాదనుకుంది.

దారి చూపించింది మొగుడే. తెలియక.

ఆత్మారాంకు నిజామాబాద్‌లో గాజుల దుకాణం. జపాన్ గాజులొచ్చాక పాత గాజుల మొహం ఎవరూ చూడటం లేదు. సరుకు పంపే జపాన్ ఏజెంటును అతని భాషతోనే మెప్పించాలని బొంబాయి నుంచి ఓ పుస్తకం తెచ్చాడు. జపాన్ భాషను మరాఠీలో నేర్పే పుస్తకం. రాధాబాయి పుట్టిల్లు మరాఠీ ఊరు దెగ్లూరు కాబట్టి ఆ ఇంట్లో మరాఠీకి లోటు లేదు. లోటల్లా ఓపికకే. రెండో పాఠం దాటకుండానే ఆత్మారాం దాన్ని అటక మీదికి విసిరేశాడు.

బడిలో మరాఠీ కూడా నేర్చిన ప్రమీలకు చిక్కేసరికి అది సగమే ఉంది. మొదటి పేజీలో పాఠాల వరుస ఉంది. పలకరింపులు, పండ్లు, ఓ పిల్లల కథ... చిట్టచివర 'జగడాలు, జవాబులు'. ఆ వెనక సగమే లేదు. అదీ పొయ్యి పాలే అయ్యుంటుంది. సరిగ్గా అవసరమైన పాఠాన్నే కాల్చాలని ముసలిదానికి ఎట్లా తెలిసిందో!

ఉన్న సగంతోనే సర్దుకుంది. బియ్యం ఏరుతూ, రొట్టెలు చేస్తూ లోలోపల వల్లె వేసింది. పుస్తకం మరీ మర్యాదస్తురాలు. తిట్టన్నదే లేదు. పలకరింపుల్లోంచి ఓ మాట, కథలోంచి ఓ రాక్షసి తెచ్చి తనే అతికించుకుంది.

"అనతా వా ఒని దెసు."

మీరు రాక్షసి అండీ, అని. ఎంత ప్రయత్నించినా చివర్న ఆ 'అండీ' ఊడిరాలేదు.

మర్నాడు కాళ్లు మొక్కుతూ అదే అంది.

"ఏం సదువుతున్నవే?"

"శ్లోకం అత్తమ్మా. మీ ఆరోగ్యానికి."

"సదువు, సదువు."

ఇక రోజూ మొక్కు, రోజూ శ్లోకం. మొదట్లో "ఊఁ" అని ఊరుకున్న రాధాబాయి, కొన్నాళ్లకు కోడలి తల మీద చెయ్యి పెట్టి, పళ్లు లేని నోటితో ఏదో గొణిగి దీవించడం మొదలుపెట్టింది. ఏ పాతకాలపు సంస్కృతమో! మధ్యాహ్నమైతే ఎర్రగుడ్డలో చుట్టిన పారాయణ పోతి పుస్తకం ముందేసుకుని పెదాలు కదుపుతూ కూర్చునే మనిషికి దీవెనలకేం తక్కువ? రాక్షసి అనిపించుకుని మరీ దీవిస్తుంటే, ప్రమీలకు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే దిగేవి.

అయినా వెలితిగానే ఉంది. ఎవరికీ అర్థం కాని తిట్టు తిట్టెట్లా అవుతుంది? ఒక్కరైనా విని ఉలిక్కిపడాలి.

ఆ ఒక్కరూ రానే వచ్చారు. చక్కెర ఫ్యాక్టరీ పుణ్యమా అని బోధన్‌లో బేరాలు పెరిగాయని చూడబోతున్న జపాన్ ఏజెంటు, దారిలో ఆత్మారాం ఇంటికి ఫలహారానికి వచ్చాడు. హిందుస్తానీ గడగడా మాట్లాడేస్తున్నాడు. ఆత్మారాం నేర్చిన ఒక్క పలకరింపూ గొంతులోనే ఉండిపోయింది.

ప్రమీల చాయ్ అందించి, అతిథి ఎదుటే అత్త కాళ్ల మీద వంగింది. గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి మరీ అంది.

"అనతా వా ఒని దెసు."

ఏజెంటుకు చాయ్ పొలమారింది. ప్రమీలకు పెట్టెడు పుస్తకాలూ పొయ్యిలోంచి లేచొచ్చినట్టయింది.

రాధాబాయి ఎప్పటిలాగే కోడలి తల మీద చెయ్యి పెట్టింది. ఎప్పటిలాగే గొణిగింది.

ఏజెంటు గ్లాసు కింద పెట్టాడు. లేచి నిలబడి, నడుము దాకా వంగి రాధాబాయికి దండం పెట్టాడు.

"మా అవ్వ ఏమన్నదని లేచిండ్రు సాబ్?" ఆత్మారాం కంగారుగా అడిగాడు.

ఏజెంటు ప్రమీల వైపు జాలిగా చూస్తూ హిందుస్తానీలో చెప్పాడు: "'సగం పుస్తకానికే ఇంత నోరా కోడలా, వెనక సగం నా దగ్గరుంది' అంటున్నారు మాతాజీ."